హుసేనమ్మ సాక్ష్యం

"ఆ దూది ఎవురూ ఊడ్సొద్దండి. అబ్బాసు వచ్చి కండ్లారా సూడనీ" అంది జైనాబ్ బీ.

చీపురు పట్టుకున్న హుసేనమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. అత్తకు ఎదురు చెప్పే ఓపిక ఆమెకు లేదు. చీపురును మూలకు ఆనించి, చాప మీద పడుకున్న పాప పక్కన కూర్చుంది.

గదిలో అడుగు పెట్టడానికి సందు లేదు. పరుపును కొడవలితో ఈ కొస నుంచి ఆ కొసకు కోసి, లోపలి దూదినంతా పిడికిళ్లతో లాగి విసిరేశాడు ఆమె భర్త దస్తగిరి. గూట్లోనూ, నీళ్ల కుండ మీదా, గోడకు వేలాడే దూది ఏకే విల్లు మీదా తెల్లగా పేరుకుపోయింది. ఆ ఇంట్లో పోగు దూది నేల మీద పడినా కళ్లకద్దుకుని తీసేవాళ్లు. ఇవాళ తొక్కుకుంటూ తిరుగుతున్నారు.

రెండేళ్ల దౌలత్ నిద్రలో వెక్కుతోంది. ఎడమ చెయ్యిని మోచేతి దగ్గర మడిచి, పాత చీర పేలికతో రొమ్ముకు కట్టారు. పక్క వీధి హనుమక్క వచ్చి, పట్టు తప్పిన మోచేతిని సరిచేసి పోయింది. "ఎముక ఇరగలేదు, నీ అదృష్టం. ఇంగోసారి ఇట్ల లాగితే నా కాడికి తేవద్దు, పెద్దాసుపత్రికి పోండి" అని గడప దాటుతూ గట్టిగానే అంది. వాకిట్లో చేరిన వాళ్లందరూ విన్నారు.

ఉదయం జరిగింది ఇంతే. జైనాబ్ బీ పరుపును ఎండలో వేసింది. దూది పని తెలిసిన ఇళ్లలో అందరూ చేసేదే అది. ఎండకు దూది విప్పారుతుంది. వేడి చల్లారకముందే పరుపును లోపలికి తెచ్చి పరిచి, మనవరాలిని పడుకోబెట్టింది. దస్తగిరి వచ్చి, ఈమధ్య అలవాటైన ప్రకారం, పాప కిందికి చెయ్యి పోనిచ్చాడు. ఆ చేతికి వెచ్చదనం తగిలింది. పాపను చెయ్యి పట్టి పరుపు మీంచి లాగేశాడు. ఆ తర్వాత చేసిందేదీ అతను చేసినట్టు లేదు.

"కమురు వాసన. లోపల కాలతాండాది. హుసేనీ, నీకు తగల్లేదా వాసన? సెప్పు వీళ్లకు" అని అరిచాడు.

"ఏ వాసనా లేదు" అంది హుసేనమ్మ.

ఆ ఒక్క మాటే వాకిట్లో చేరినవాళ్లకు తీర్పు అయింది. ఆ వీధిలో హుసేనమ్మ ముక్కుకు పేరుంది. తడిసి ముక్కిన దూదిని మూట విప్పకుండానే పట్టేసేది. పాత పరుపు తెస్తే అందులో ఎలుక చచ్చిందో, పసిబిడ్డ తడిపిందో వాకిట్లో ఉండగానే చెప్పేది. అలాంటి మనిషి వాసన లేదంటే లేనట్టే. దస్తగిరికి మతి తప్పినట్టే.

ఆమె అబద్ధం ఆడలేదు. నిజంగానే ఆమెకు ఏ వాసనా రాలేదు. పోయిన పత్తి కాలం నుంచి ఆమెకు ఏ వాసనా రావడం లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

*

మధ్యాహ్నానికి అబ్బాస్ అలీ దిగాడు. హుసేనమ్మకు పెద్దన్న. ఎమ్మిగనూరు సంతలో పరుపులు, దిండ్లు అమ్ముకునే మనిషి. తల్లీ తండ్రీ పోయాక చెల్లెలినీ తమ్ముడినీ తానే పెంచాడు. ఎమర్జెన్సీ రోజుల్లో చెల్లెలిని ఆదోనికి ఇచ్చి పెళ్లి చేశాడు. తమ్ముడు కాశీంను పని నేర్చుకొమ్మని అదే ఇంటికి పంపాడు.

జట్కా తోలుకొచ్చిన మాదన్నకు బండి వాకిట్లోనే ఆపి ఉంచమని, ఇంకేదో మెల్లగా చెప్పి, లోపలికి వచ్చాడు. దూదిని చూశాడు. పాప చేతి కట్టు చూశాడు. తలమీది టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"యాడుండాడు?"

"యాడుంటాడు నాయనా, పెరట్లో. తొట్టిలో కాళ్లు పెట్టుకోని కూకున్యాడు. బాయి నీళ్లన్నీ వాని కాళ్లకే సాలడంలే" అంది జైనాబ్ బీ. "ఆసుపత్రి డాక్టరు కాళ్లు తిప్పి తిప్పి సూసి, కాళ్లల్లో ఏమీ లేదు, మంట మనసులో ఉండాదన్యాడు. మనసులో మంటయితే కాళ్లెందుకు మండుతాయి? నేనేమన్నా పిచ్చిదాన్నా? వానికి గాలి సోకింది. మీ కాశీమే సోకినాడు. ఆశలు తీరకుండా పోయిన పిల్లోడు."

"నా తమ్ముడు ఎవురికీ సోకడు అత్తా."

"నేను తప్పుగా అన్లేదప్పా."

"ఆ మాట మళ్లీ అనొద్దు."

జైనాబ్ బీ నశ్యం డబ్బీ తీసి మూత మీద వేలితో తట్టింది. పీల్చలేదు. ఊరికే తట్టింది.

"హుసేనీ, బట్టలు సర్దుకో" అన్నాడు అబ్బాస్ అలీ. "నువ్వూ పాపా ఎల్లుండి మొదటి బస్సుకు నాతో వస్తాండారు. ఆ మనిషిని మాత్రం ఈ పొద్దే హొళగుంద అవతల దర్గాకు తోలుకపోతాను. ఇట్లేదో అవుతాదని నిన్ననే పోయి మాట్లాడొచ్చినా. రేపు జుమ్మేరాత్, బేస్తవారం. రేపు కూకోబెడితే మంచిదంట."

"కూకోబెట్టడమంటే?"

ఆమె అడిగింది అన్నను. జైనాబ్ బీయే చెప్పింది. "కాలికి గొలుసేస్తారు. స్తంభం కాడ. ఎంతమంది బాగుపడి రాలేదు? నా కొడుకు బాగుపడొద్దా?"

"గొలుసా?"

"నువ్వు రావల్లమ్మా" అన్నాడు అబ్బాస్ అలీ, కొంచెం మెత్తగా. "పెండ్లయిన మొగోణ్ని పెండ్లాం మాట లేకుండా వాళ్లు తీసుకోరు. అదొక కట్టుబాటు. దర్గా సూసుకునే ముజావరు ముందర నువ్వు ఒక్క మాట సెప్పాల. లేనిపోని వాసనలొస్తాండాయంటాడు, లేని నిప్పు కనపడతాంది, మనసు మనసులో లేదు అని. అంతే. పొద్దున అందరి ముందరా సెప్పిందే గదా, వాకిట్లో ఇన్యా."

హుసేనమ్మ పాప తల కింద చెయ్యి సర్దింది.

పొద్దున చెప్పిందే. కానీ పొద్దున ఆ మాటకు గొలుసు లేదు.

*

దస్తగిరి పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. అరికాళ్లు నేలకు ఆనకుండా, అంచుల మీద నిలబడే అలవాటు అతనికి. గది నిండా ఉన్న దూదిని చూసి గుమ్మం లోపలికి రాలేదు.

"బావా, ఎప్పుడొచ్చినావు?"

"నువ్వు పాప సేయి ఇరగ్గొట్టినాక."

"ఇరగలేదంట బావా. హనుమక్క సెప్పింది."

"ఇరగలేదని సంతోషపడతాండావా?"

దస్తగిరి తల దించుకున్నాడు. "ఏడిగుండె. నా సేతికి తగిలింది."

"ఎండలో ఏసిన దూది ఏడిగుండదా? దూదేకులోని కడుపున పుట్టి, ఎండ ఏడికీ నిప్పు ఏడికీ తేడా తెలవదా నీకు?"

"ఆ పొద్దు గూడా అట్లే అనుకున్యాం. జిన్ను మిషను నుంచి వచ్చిన దూది ఏడిగానే ఉంటాది గదా అని."

ఇన్ని నెలల్లో అతను ఆ రోజు గురించి ఇంత మాట్లాడటం ఇదే మొదలు.

పత్తి మిల్లు ప్రెస్సులో అతనూ కాశీమూ ఒకే పెట్టెలో దిగి దూది తొక్కేవాళ్లు. పైనుంచి దూది పోస్తుంటే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, గోచీలతో, ఉత్త కాళ్లతో తొక్కి అణచాలి. ఆ తర్వాత మిషను దించి బేలు కడతారు. ఆ రోజు గింజ వేరుచేసే జిన్నులో ఎక్కడో రాయి పడి రవ్వ లేచింది. ఆ రవ్వ దూదితోపాటే పెట్టెలోకి వచ్చింది. దూదిలో నిప్పు వెంటనే మండదు. లోపల లోపల తింటూ పోతుంది. ఒక్కసారి గాలి తగిలితే చాలు. దస్తగిరి బయటపడ్డాడు. కాశీం పడలేదు.

"నువ్వు పైకెక్కినావు" అన్నాడు అబ్బాస్ అలీ. గొంతు పెంచలేదు. "పెట్టె అంచు పట్టుకోని ఎక్కినావు. వాడు నీ పక్కనే ఉండె. వాణ్ని ముందు ఎక్కించాల్సింది. నేను ఇన్నాళ్లూ అడగలేదు. ఈ పొద్దు అడుగుతాండా."

"నేను ఎక్కలేదు బావా."

"మరి ఎవురెక్కినారు?"

"కాళ్లు ఎక్కినాయి." దస్తగిరి తన పాదాల వైపు చూశాడు, అవి వేరే ఎవరివో అయినట్టు. "అరికాళ్లకు సుర్రుమనింది. అంతే తెలుసు. ఎప్పుడు ఎగిరినానో, అంచు ఎట్ల పట్టుకున్యానో నాకు తెల్దు. పైన నిలబడి సూస్తే వాడు ఇంకా తొక్కతానే ఉన్యాడు. నా మొగం సూసి నవ్వినాడు. నేను ఆటకు ఎగిరినా అనుకున్యాడు. సెయ్యి సాపినా బావా. సాపేలోపల..."

చాచిన చేతిని వెనక్కి దాచుకున్నాడు.

హుసేనమ్మ ఈ మాట ఇంతవరకూ వినలేదు. తమ్ముడు నవ్వాడని ఆమెకు తెలియదు. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు.

"బాగుంది" అన్నాడు అబ్బాస్ అలీ. "తప్పు కాళ్లదైతే గొలుసు గూడా కాళ్లకే గదా. సరిపోతాది."

"అన్నా" అంది హుసేనమ్మ.

"నువ్వు లెయ్. పొద్దు పోతాంది. నువ్వు సెప్పాల్సింది ఒక్క మాట."

*

ఆ ఒక్క మాట ఆమె గొంతులో ఎనిమిది నెలలుగా ఉంది. కాకపోతే అన్న అడిగే మాట అది కాదు.

కాశీంను గుడ్డల్లో చుట్టి తెచ్చిన రోజు, అందరూ ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడితే ఆమె ఒక్కతే పక్కన కూర్చుంది. కూర్చోవాలనే కూర్చుంది. మరునాడు పొద్దున పొయ్యి ముట్టించినప్పుడు పొగ వాసన రాలేదు. పడిశం పట్టిందనుకుంది. పడిశం దిగలేదు. పప్పు మాడితే తెలియదు. పాలు విరిగితే తెలియదు. పాప గుడ్డలు తడిపితే చేత్తో తాకితేనే తెలుస్తుంది. "కండ్లు నెత్తికెక్కినాయా" అని అత్త సాధిస్తే ఊరుకుంది. దూదేకుల ఇంటి కోడలికి ముక్కు పోయిందంటే ఏమంటారు? కాశీం ఆమెకే సోకాడంటారు. ఇంట్లో ఒక పిచ్చి చాలదా అని నోరు కుట్టుకుంది.

భర్త మాత్రం ప్రతిసారీ ఆమె ముక్కునే నమ్ముకున్నాడు. దిండులో చెయ్యి పెట్టి "వాసన వస్తాందా హుసేనీ?" అని అడుగుతాడు. లేదు అంటుంది. ఆ మాట విని పడుకుంటాడు. ఎన్నో రాత్రులు ఆమె లేదు అన్నందుకే అతనికి నిద్ర పట్టింది. పొద్దున మాత్రం ఆ లేదన్న మాటే అతన్ని ముంచింది.

"నాకు తెల్దు" అంది.

"ఏం తెల్దు?"

"వాసన ఉండెనో లేదో నాకు తెల్దు."

"లేదని సెప్పినావు గదమ్మా పొద్దున" అంది జైనాబ్ బీ. "ఊరంతా ఇన్నారు."

"నాకు వాసన తెలవడంలే అత్తా. ఏదీ తెలవడంలే. కాశీం పోయినప్పటి నుంచి."

అబ్బాస్ అలీ చెల్లెలిని పరిశీలనగా చూశాడు. సంతలో నాసి సరుకును చూసే చూపు అది. "మొగుణ్ని కాపాడుకోను సెప్తాండావు."

"సెప్తే ఇన్నాళ్లూ ఎందుకు దాస్తాను?"

"ఇన్నాళ్లూ గొలుసు మాట రాలేదు గదా."

జైనాబ్ బీ లేచింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి, వంటింట్లోకి పోయి ఏదో చేతిలో మూసుకుని వచ్చింది. "కండ్లు మూసుకో" అంది. హుసేనమ్మ మూసుకుంది. ముక్కు కింద ఏదో తడిగా తగిలింది.

"ఏందిది?"

"తెల్దు."

"కిరసనాయిలు" అంది జైనాబ్ బీ. ఆమె గొంతు మారింది. "ఉండు. ఇది?"

హుసేనమ్మ తుమ్మింది.

"నశ్యానికి ముక్కు లేనోడు గూడా తుమ్ముతాడత్తా" అన్నాడు అబ్బాస్ అలీ విసుగ్గా. "తెల్దు తెల్దు అనేదానికి ఏం? ఎవురన్నా అనొచ్చు."

గుమ్మంలోంచి దస్తగిరి ఆమెనే చూస్తున్నాడు. ఎనిమిది నెలలుగా ఆ చూపు పరుపుల్లోకి, పొయ్యిలోకి, దీపం వత్తిలోకి తప్ప మనిషి ముఖంలోకి పోలేదు.

"నీగ్గూడానా హుసేనీ?" అన్నాడు.

హుసేనమ్మ లేచి, గోడవారన ఉన్న ట్రంకు పెట్టె మూత ఎత్తింది. చీరలు పక్కకు తీసి, అడుగు నుంచి నీలం గళ్ల చొక్కా ఒకటి బయటకు తీసింది. దాన్ని ఉతకలేదు. ఇస్త్రీ లేదు. విప్పి కొక్కేనికి తగిలించినప్పుడు ఎట్లా ముడుతలు పడిందో అట్లాగే ఉంది.

అబ్బాస్ అలీ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. ఆ చొక్కా అతనే కొనిచ్చాడు.

"పెట్టెలో దిగేముందు ఇప్పి తగిలించినాడు" అంది హుసేనమ్మ. "మేస్త్రీ తెచ్చిచ్చినాడు. దినామూ అత్త బయటికి పోయినప్పుడు తీస్తాను. మొగం పెట్టుకుంటాను. వాని వాసన ఉంటాది గదా అని. నాకు ఒట్టి గుడ్డేనన్నా. ఎనిమిది నెలలు. ఒట్టి గుడ్డ."

చొక్కాను అన్న చేతుల్లో పెట్టింది.

"నువ్వు సూసి సెప్పు. ఏముందో నాకు సెప్పు. పొగేనా, ఇంగేమన్నా మిగిలిందా?"

అబ్బాస్ అలీ చొక్కాను ముఖం దగ్గరికి తీసుకోలేదు. చేతులు ముందుకు చాచి, కాలే గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత తల వంచాడు.

"పొగ లేదు" అన్నాడు.

"మరి?"

"కొబ్బరి నూనె. సెమట." మళ్లీ వంచాడు. "బీడీ. వాడు బీడీ తాగుతాండెనా?"

"తాగుతాండె."

"నాకు తెలవకుండా?"

"నీకు తెలిస్తే సంపుతావు గదా. పెరట్లో తాగేసి జామాకు నమిలొచ్చేవాడు."

అబ్బాస్ అలీ ముఖం మీదికి నవ్వులాంటిదేదో రాబోయి ఆగిపోయింది. చేతులు వణకడం మొదలైంది. ఆపుకోవాలని చొక్కాను గట్టిగా పట్టుకున్నాడు. వణుకు మోచేతులకు పాకింది, భుజాలకు పాకింది. కాశీంను మట్టి చేసిన రోజున కూడా నిబ్బరంగా నిలబడి అందరికీ నీళ్లందించిన మనిషి. మోకాళ్లు వంగి దూదిలో కూలబడ్డాడు. నోటి నుంచి వచ్చిన శబ్దానికి పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది.

ఆ ఏడుపుకు దస్తగిరి కదిలాడు. ఆలోచించి కదల్లేదు. గుమ్మం నుంచి నాలుగు అంగలు వేసి పాప వైపు వచ్చేశాడు. గది మధ్యలోకి వచ్చాక కిందికి చూసుకున్నాడు. తడి కాళ్లకు దూది అంటుకుని ఉంది. చీలమండల దాకా దూదిలో నిలబడి ఉన్నాడు.

ముఖం పాలిపోయింది. నుదుట చెమట పట్టింది. ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది.

"దస్తగిరీ" అంది తల్లి, కదలడానికి భయపడుతూ.

హుసేనమ్మ వెళ్లి అతని ఎదురుగా నిలబడింది. ముట్టుకోలేదు. తన పాదాలను కూడా దూదిలోకి నెట్టింది.

"సల్లగుంది" అంది. "నాకు వాసన తెలవదు. ఏడి తెలుస్తాది. సల్లగుంది. నా కాళ్ల కిందా అదే దూది."

"కాలతాందే."

"తెలుసు. నీకు కాలతాంది. దూది మాత్రం సల్లగుంది."

అతను ఆమె ముఖం నుంచి కళ్లు తిప్పలేదు. పాదాలు తీయలేదు. ఒళ్లంతా కంపిస్తున్నా తీయలేదు.

వాకిలి తలుపు తోసుకుని మాదన్న లోపలికి వచ్చాడు. భుజం మీద గుర్రానికి కట్టే తాడు ఉంది. గది మధ్యలో చెమటలు కక్కుతూ వణుకుతున్న మనిషినీ, నేల మీద కూలబడిన అబ్బాస్ అలీనీ చూశాడు.

"అరుపులు ఇనపడితే లోపలికి రమ్మంటివి గదప్పా" అన్నాడు. "పట్టుకుందామా?"

హుసేనమ్మ అన్న వైపు తిరిగింది. జట్కా దగ్గర మెల్లగా చెప్పిన మాట ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

దస్తగిరి తాడును చూశాడు. వింతగా అతని వణుకు తగ్గింది. రెండు చేతులూ తనంతట తానే ముందుకు చాచాడు.

"పట్టుకునే పనిల్యా మాదన్నా. కట్టు. ఆడ కాళ్లకు నీళ్లు అందేట్టు మాత్రం సెప్పండి బావా. ఇంగేం అడగను."

మాదన్న తాడు దించాడు. ఆ తాడు విప్పేలోపల హుసేనమ్మ తన చేతులు రెండూ భర్త చేతుల పక్కన పెట్టింది.

"నాకు గూడా కట్టు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. "ఇద్దరం ఒకే రోజు పడినాం ఈ జబ్బున. ఆయన్ది అరిసింది, నాది అరవలేదు. అంతే తేడా. ముజావరు ముందర ఆ మాటే సెప్తాను."

"హుసేనీ, సెయ్యి తియ్" అంది జైనాబ్ బీ. "పాపను ఎవురు సూస్తారు?"

హుసేనమ్మ తీయలేదు.

"ఎవుర్నప్పా?" అన్నాడు మాదన్న.

అబ్బాస్ అలీ నోరు తెరిచాడు. ఒకసారి చెల్లెలిని చూశాడు, ఒకసారి బావమరిదిని చూశాడు. కట్టమనే మాట రాలేదు.

మాదన్న తాడు కొస పట్టుకుని, తన ముందు చాచి ఉన్న నాలుగు చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు.